గిడ్డంగి లెక్క రైతు చేతికి

మంగళగిరి కొండ మెట్లెక్కి నిలిచి తూర్పునకు, దక్షిణమునకు చూచినచో కృష్ణా పశ్చిమ డెల్టా కనుచూపు మేర పరచుకొని యుండును. సీతానగరము వద్ద బయలుదేరిన ప్రధాన కాలువ దుగ్గిరాల చేరి, అక్కడ పాయలుగా చీలి దిగువ పొలములకు పోవుచున్నది. ఈ కాలువల క్రింద వరి కోతకు వచ్చునది నవంబరు, డిసెంబరు మాసములలో. బంగాళాఖాతములో తుపానులు లేచునదియు ఆ మాసములలోనే. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు పొలములలోని పనలు, కుప్పలు, రోడ్ల వెంట ఆరబోసిన ధాన్యము ఏమైనవో ఈ ప్రాంతపు పంచాయతీ సభ్యులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

పండించుట ఒక ఎత్తు, పండినదానిని దాచుకొనుట ఒక ఎత్తు. మన పెద్దలు గాదెలు, గరిసెలు, పాతరలు ఏర్పరచుకొన్నారు. ఆనాడు కోత, కుప్ప, నూర్పిడి రెండు మూడు మాసములు సాగెడిది గనుక ధాన్యము మెల్లగ ఎండి, మెల్లగ ఇల్లు చేరెడిది. నేడు కోత యంత్రము పొలములోనికి దిగిన కొన్ని గంటలలోనే ట్రాక్టరు తొట్టి పచ్చి గింజతో నిండుచున్నది. రెండు మాసముల పంట రెండు దినములలో గట్టెక్కుచున్నదే గాని, దానిని ఆరబెట్టుటకు కళ్లమును లేదు, దాచుటకు గాదెయు లేదు. కనుకనే గిడ్డంగి నేడు వర్తకుని అవసరము మాత్రమే గాక రైతు అవసరము కూడ అయినది. ఆ గిడ్డంగిలోనికి యంత్రములు, సెల్‌ఫోనులు ప్రవేశించుటచే రైతుకు కలుగు లాభమేమి, అతడు జాగ్రత్తపడవలసిన తావులేవి అనునది ఈ పాఠమునకు విషయము.

రసీదు విలువ

రిజర్వు బ్యాంకు ఏర్పరచిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే సంఘము 1954లో తన నివేదికను ఇచ్చుచు, రైతుకు అప్పు పుట్టవలెనన్న దేశమంతట గిడ్డంగులు ఉండవలెనని చెప్పినది. దాని ననుసరించి 1956లో చట్టము, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ వచ్చినవి. అప్పు కొరకు గిడ్డంగి ఎందుకని కొందరికి తోచవచ్చును. గిడ్డంగిలో సరుకు ఉంచిన వానికి ఒక రసీదు లభించును. ఆ రసీదును బ్యాంకులో కుదువబెట్టి సొమ్ము తెచ్చుకొని, ధర వచ్చినపుడు సరుకు అమ్ముకొని అప్పు తీర్చవచ్చును. కోతల నాడే అయినకాడికి తెగనమ్ముకొను అగత్యము తప్పును.

ఆలోచన మంచిదే గాని చాల కాలము సరిగ నడువలేదు. కాగితపు రసీదు చిరిగిపోవచ్చును. తప్పుడు రసీదు పుట్టవచ్చును. ఒకే సరుకు మీద రెండు చోట్ల అప్పు తీయవచ్చును. గాదె క్రింద పందికొక్కు కేవలము జంతువు కాదని పల్లెటూరి వారికి తెలియును. ఈ లోపములను తొలగించుటకు పార్లమెంటు 2007లో గిడ్డంగుల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టమును చేసినది. 2010లో దానిని అమలు జరుపు ప్రాధికార సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ వద్ద నమోదైన గిడ్డంగులకే, చేతులు మార్చదగిన రసీదు నిచ్చు అధికారము కలదు. 2017 సెప్టెంబరులో ఈ రసీదును ఎలక్ట్రానిక్ రూపమున ఇచ్చు పద్ధతి వచ్చినది. 2019 ఆగస్టు నుండి కాగితపు రసీదును పూర్తిగ మానివేసినారు. ఇప్పుడు రసీదు రైతు జేబులో గాక, రిపాజిటరీ అనబడు రసీదుల ఖజానాలో, రైతు పేర తెరచిన ఖాతాలో ఉండును. సరుకు కుదువ పడిన క్షణమున ఆ ఖాతాలో గుర్తు పడును గనుక రెండవ బ్యాంకు దాని మీద అప్పు ఇయ్యజాలదు.

గేటు నుండి నెట్టు వరకు

ఇక యంత్రములు ఏమి చేయునో చూతము. పాత పద్ధతిలో గేటు వద్ద ఒక పుస్తకము, కాటా వద్ద ఒక పుస్తకము, గిడ్డంగి లోపల ఒక పుస్తకము ఉండెడివి. ఒకే అంకెను ముగ్గురు మూడు మార్లు వ్రాయవలెను. పొరపాటు పడుటకు మూడు తావులు, కావలెనని తప్పు చేయుటకును మూడు తావులు. కొత్త పద్ధతిలో బండి వేబ్రిడ్జి ఎక్కగనే తూకము నేరుగా కంప్యూటరు లెక్కలో చేరును. సరుకు దించిన పిదప ఖాళీ బండిని మరల తూచి, తేడాను యంత్రమే కట్టును. గుమాస్తా చేతితో అంకె వ్రాయు పని లేదు. అటు పిమ్మట బస్తాల నుండి మచ్చు తీసి తేమ చూతురు. ప్రభుత్వపు కొనుగోలులో ధాన్యమునకు 17 శాతము వరకు తేమను అనుమతించుచున్నారు. నెలల తరబడి నిలువ ఉండవలెనన్న అది 14 శాతమునకు దిగవలెను. ఎండిన పసుపునకు 10 శాతము మేర ఉండుట మేలు.

లోపల బస్తాలను నెట్టు కట్టుదురు. ప్రతి నెట్టుకు ఒక సంఖ్య, ఆ సంఖ్యను తెలుపు నలుపు తెలుపు చదరముల గుర్తు గల బిళ్ల ఒకటి ఉండును. గుమాస్తా తన సెల్‌ఫోనుతో ఆ బిళ్లను చూపించిన చాలును; నెట్టులో ఎన్ని బస్తాలు కలవో, అవి ఎవరివో, ఏ తేదీన వచ్చినవో, మందు ఎప్పుడు పెట్టినారో తెర మీద కనబడును. ముందు వచ్చిన సరుకు ముందు పోవలెనను నియమము గిడ్డంగులన్నిటికి కలదు గాని, పుస్తకములలో వెదకి ఆచరించువారు తక్కువ. ఫోను అడుగకుండనే జ్ఞాపకము చేయును.

ఈ గుర్తులకు మూలము అమెరికా దేశమున పుట్టిన బార్‌కోడు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున ఒక అంగడిలో చూయింగ్ గమ్ పొట్లము మీది గీతలను యంత్రము మొదటిసారి చదివినది. అక్కడ ప్రారంభమైన పని ఎంత దూరము పోయినదనగా, 2012లో అమెజాన్ సంస్థ 77 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి కీవా అను మరమనుషుల కంపెనీని కొనివేసినది. ఆ గిడ్డంగులలో మనిషి అలమర వద్దకు పోడు. అలమరయే మనిషి వద్దకు వచ్చును. ఇట్టి వింతలను గూర్చి విని, మన ఊరికి కూడ మరమనుషులు కావలెనని ఉబలాటపడుట వ్యర్థము. లక్ష రకముల వస్తువులను గంటగంటకు తీసి పంపు చోట వానికి పని కలదు. ఒకే ధాన్యము ఆరు మాసములు కదలక ఉండు చోట, నమ్మదగిన కాటాయు, తేమ కొలుచు యంత్రమును, గాలి ఆడు కప్పును మనకు ముఖ్యములు.

మన కెక్కువగ పనికివచ్చు మరియొక యంత్రము ఉన్నది. గింజ కూడ ప్రాణి వలె శ్వాసించును. పురుగు పట్టినను, తేమ పెరిగినను నెట్టు లోపల వేడి, బొగ్గుపులుసు వాయువు హెచ్చును. బయటి బస్తా మీద పురుగు మన కంటికి కనబడు నాటికి లోపలి బస్తాలకు నష్టము కలిగియే యుండును. వేడిని, తేమను, ఆ వాయువును కనిపెట్టు చిన్న పరికరములను గిడ్డంగిలో అమర్చినచో మార్పు కలిగిన వెంటనే అధికారి ఫోనుకు కబురు వచ్చును. కేంద్ర ప్రభుత్వము 2025 మే 20న ప్రారంభించిన ‘డిపో దర్పణ్’ అను ఏర్పాటు, ఆహార ధాన్యపు డిపోల పనితీరును ఇట్టి సాధనములతో కనిపెట్టుటకు ఉద్దేశింపబడినదే. పురుగును చంపుటకు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టినపుడు వెలువడు విషవాయువును సైతము ఇట్టి పరికరములు పసికట్టును. ఆ వాయువు మనిషి ప్రాణము తీయగలదు. మందు పెట్టిన గిడ్డంగిలోనికి ‘ఒక్క నిమిషమే గదా’ అని పోవువారికి ఈ మాట గట్టిగ చెప్పవలెను.

ఫోను ఎవరిది?

మంగళగిరికి చేరువనున్న దుగ్గిరాల పసుపు మార్కెట్టు యార్డు, గుంటూరు మిర్చి యార్డు 2016లో ఆరంభమైన జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఈ-నామ్‌లో చేరినవే. 2020 ఏప్రిల్‌లో గిడ్డంగిలోని సరుకును అక్కడనే ఉంచి, రసీదు ఆధారమున ఈ-నామ్‌లో అమ్ముకొను వీలు కల్పించినారు. ధాన్యము విషయమున మన రాష్ట్ర పౌరసరఫరాల శాఖ 2024 నవంబరులో, రైతు వాట్సాప్ సందేశము పంపి కొనుగోలు కేంద్రమును, తేదీని, వేళను తానే ఎంచుకొను పద్ధతిని ప్రవేశపెట్టినది. కేంద్రము ముందు రాత్రంతయు ట్రాక్టరు క్రింద పడుకొన్నవారికి దీని విలువ తెలియును.

అయితే ఈ ఏర్పాట్లన్నిటికి ఆధారము ఒక ఫోను నంబరు. తూకము ఎంత వచ్చినదో, రసీదు పుట్టినదో లేదో, అప్పు మంజూరైనదో, సరుకు అమ్ముడుపోయినదో — సమస్తము ఆ నంబరునకే తెలుపబడును. రసీదును మరియొకరికి బదిలీ చేయు రహస్య సంఖ్యయు దానికే వచ్చును. ఆ నంబరు రైతుదేనా? చాల తావుల కాదని మేము గమనించితిమి. కొన్నిచోట్ల అది పట్నములో చదువుకొను మనుమనిది. కొన్నిచోట్ల కమీషను వ్యాపారిది. మనుమడు నంబరు మార్చివేసినచో తాత రసీదు గాలిలో కలిసినట్లే. వ్యాపారి నంబరైనచో పరిస్థితి అంతకంటె కష్టము. రైతు పేర ఉన్న సరుకు రైతుకు తెలియకుండనే చేతులు మారవచ్చును. వెనుకటి కాలమున ఖాళీ కాగితము మీద వేలిముద్ర వేయుట ఎట్టిదో, నేడు ఇతరుల నంబరును తన ఖాతాకు ఇచ్చుట అట్టిది.

కనుక పంచాయతీ సభ్యుడు చేయదగిన మొదటి పనికి ఖర్చు లేదు. తన వార్డులో గిడ్డంగికి సరుకు తోలిన రైతుల ఖాతాలలో ఏ నంబరున్నదో వారి చేతనే విచారింపజేయవలెను. సాధారణపు చిన్న ఫోనైనను చాలును. సందేశము వచ్చునట్టి నంబరు రైతుదై, లేదా అదే ఇంటిలో నిత్యము ఉండువారిదై ఉండవలెను. చదువు రాని వారికి సందేశము చదివి చెప్పు పనిని రైతు సేవా కేంద్రములోని సహాయకుడు చేయవచ్చును. రహస్య సంఖ్యను మాత్రము ఆ సహాయకునకైనను, గిడ్డంగి అధికారికైనను, సర్పంచునకైనను చెప్పరాదు.

దాచుట ఎప్పుడు లాభము?

రసీదు మీద అప్పు దొరకునని చెప్పి అందరిని సరుకు దాచుకొనుడనుట సరికాదు. ఒక లెక్క వేసి చూతము. ఒక రైతుకు డెల్టా లెక్కన 75 కిలోల బస్తాలు నూరు పండినవనుకొందము; అనగా 75 క్వింటాళ్లు. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకము ధాన్యపు మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఆ ధరకు 17 శాతము తేమతో నాడే అమ్మినచో 1,77,675 రూపాయలు చేతికి వచ్చును. అట్లు గాక దాచదలచినచో తేమను 14 శాతమునకు దింపవలెను. నీరు పోయిన మేర తూకము తగ్గి 75 క్వింటాళ్లు సుమారు 72 క్వింటాళ్ల 38 కిలోలగును. సరుకు విలువలో నూటికి 70 వంతున 1,24,000 రూపాయలు చిల్లర అప్పు తీసినచో, ఏడు శాతము చొప్పున నాలుగు మాసముల వడ్డీ 2,900 రూపాయలు. ఈ రెండిటిని పూడ్చుకొనుటకే నాలుగు మాసముల పిమ్మట క్వింటాలు ధర సుమారు 2,495 రూపాయలు పలుకవలెను. గిడ్డంగి అద్దె, రెండు మార్లు ఎత్తుడు దింపుడు కూలి దీనికి అదనము.

కనుక మద్దతు ధరకు కొను కేంద్రము దగ్గరలో ఉన్నపుడు మామూలు ధాన్యమును దాచుట వలన ప్రయోజనము తక్కువయని మా అభిప్రాయము. కొనుగోలు ఆలస్యమైనపుడు, తుపాను తరుముకొని వచ్చినపుడు, విత్తనమునకో సన్నరకపు బియ్యమునకో మంచి గిరాకి ఉన్నపుడు మాట వేరు. పసుపు, మిర్చి సంగతి మరియు వేరు. వాని ధర ఒక ఏటికి మరియొక ఏటికి, ఒక్కొక్కపుడు ఒక నెలకు మరియొక నెలకు పొంతన ఉండదు. దుగ్గిరాల పరిసర గ్రామముల రైతు ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టిన పసుపు కొమ్మును ఆపుకొనగలిగినచో బేరమాడగలడు. ఆపుకొనలేనివాడు అడిగిన ధరకు ఇచ్చి రావలసినదే.

కౌలుదారునకు దారి

డెల్టాలో సేద్యము చేయువారిలో అనేకులు కౌలుదారులు. భూమి పత్రము తమది కానందున బ్యాంకు గుమ్మము వారికి ఎత్తుగనే ఉన్నది. మన రాష్ట్రపు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు మాసములకు పత్రము ఇప్పించుచున్నను, యజమాని సమ్మతి లేనిదే అది దొరకదు. గిడ్డంగి రసీదు గొప్ప ఇక్కడనే ఉన్నది. ‘భూమి ఎవరిది’ అని అది అడుగదు. ‘సరుకు ఎవరిది’ అని మాత్రమే అడుగును. ఆధారు వంటి గుర్తింపుతో తన పేర ఖాతా తెరచి, తన సరుకును నమోదైన గిడ్డంగిలో ఉంచిన కౌలుదారు, ఆ రసీదును కుదువబెట్టి అప్పు కోరవచ్చును. 2024 మార్చి 4న ప్రారంభమైన ‘ఈ-కిసాన్ ఉపజ్ నిధి’ వేరు తనఖా లేకుండ ఏడు శాతము వడ్డీకి ఇట్టి అప్పు పొందుటకు ఏర్పడినది. ఆ ఏడు డిసెంబరు 16న కేంద్రము వేయి కోట్ల రూపాయల నిధితో, రసీదుల మీద అప్పిచ్చు బ్యాంకులకు పూచీ పడు పథకమును కూడ తెచ్చినది. ఇన్ని ఏర్పాట్లున్నను పది బస్తాలు ఉన్నవాడు ఒంటరిగ గిడ్డంగికి పోయి లాభము లేదు. బండి కిరాయియే అతనిని తినివేయును. పదిమంది కలిసి ఒకే రకము సరుకును రైతు ఉత్పత్తిదారుల సంఘము ద్వారా గాని, ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘము ద్వారా గాని తోలుట మేలు.

తెర మీది బస్తా, నేల మీది బస్తా

కంప్యూటరులో ఉన్నదంతయు గిడ్డంగిలో ఉన్నదని నమ్మరాదు. 2013 జూలై 31న బొంబాయిలోని నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజి వ్యాపారము నిలిచిపోయినపుడు సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు ఆగినవి. లెక్కలలో కనబడిన సరుకు కొరకు పోయి చూడగా అనేక గిడ్డంగులలో అది లేదు. అక్కడ కంప్యూటర్లకు కొదువ లేదు. పోయి నెట్టులు లెక్కించువారే కరవైరి. యంత్రము తనకు చెప్పిన అంకెను చక్కగ దాచును గాని, ఆ అంకె నిజమా కాదా అని తేల్చునది మనిషియే.

గ్రామ పరిధిలో గిడ్డంగి ఉన్నచో, నమోదు పత్రము అందరికి కనబడు చోట ఉన్నదా, దాని గడువు తీరలేదు గదా, వేబ్రిడ్జికి తూనికల కొలతల శాఖ వారు ఏటేటా వేయవలసిన ముద్ర వేసినారా, అగ్ని, వరద, దొంగతనములకు భీమా కలదా అని పంచాయతీ సభ్యులు మర్యాదగ అడిగి తెలిసికొనవచ్చును. సక్రమముగ నడుపువారు ఈ ప్రశ్నలకు కోపగింపరు. వేబ్రిడ్జి తెర రైతు వైపునకు తిరిగి ఉన్నదా అని కూడ చూడవలెను. ఇది చిన్న విషయముగ తోచును గాని, గుమాస్తా వైపు మాత్రమే తిరిగియున్న తెర వలన రైతుకు కలుగు ప్రయోజనము శూన్యము. రేకుల కప్పు క్రింద ఫోనుకు సంకేతము అందకపోవుట, కరెంటు పోవుట మన ప్రాంతమున సామాన్యము. అట్టి వేళ తూకమును కాగితము మీద వ్రాసి రైతు చేత సంతకము పెట్టించి, ఒక ప్రతి అతనికిచ్చి, పిమ్మట కంప్యూటరుకు ఎక్కించు పద్ధతి ఉన్నదా యని విచారింపవలెను.

ముఠా కార్మికుల మాట

ఇంతవరకు రైతును గూర్చియే చెప్పితిమి. గిడ్డంగిలో బస్తా మోయు ముఠా కార్మికుడు కూడ మన గ్రామస్థుడే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో, మగవాడు మోయు బరువు 55 కిలోలకు మించిన చోట దానిని తగ్గింపవలెనని సిఫారసు చేసినది. మన డెల్టా బస్తా 75 కిలోలు! నలుబది ఏండ్లకే నడుము వంగిన ముఠా మేస్త్రీలు ప్రతి ఊర కనబడుదురు. ఆ బరువును లాగు పట్టీలు, బండ్లు వచ్చుట మేలే. కాని అతని కూలి బస్తాకు ఇంతయని లెక్క. బస్తాను యంత్రము మోసిన నాడు కూలి ఎవరికి పోవును? పంజాబులోని మోగా వద్ద 2007 నుండి నడుచుచున్న ఉక్కు సైలోలలో గోధుమ బస్తాల కెక్కకుండనే రైతు బండి నుండి నేరుగా గొట్టములలోనికి పోవును. వరికి అట్టి సైలోలు మన వైపునకు వచ్చుట ఆలస్యము కావచ్చును గాని రాకపోదు. పట్టీ నడుపుట, తేమ చూచుట, ఫోనుతో నెట్టు లెక్క పెట్టుట కొద్ది వారములలో నేర్వదగిన పనులు. గిడ్డంగి యంత్రములు తెచ్చుటకు ముందే, ఈ పనులలో ముఠావారికి, వారి పిల్లలకు మొదటి అవకాశము ఇయ్యవలెనని పంచాయతీ తీర్మానము చేసి యజమానితో మాటలాడుట ఉచితము. యంత్రము బిగించిన పిదప మాటలాడినచో వినువారుండరు.

కొత్త గిడ్డంగి కట్టదలచిన పరపతి సంఘములకు 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి నుండి రెండు కోట్ల రూపాయల వరకు అప్పు మీద మూడు శాతము వడ్డీ రాయితీ కలదు. సహకార రంగమున ధాన్యపు నిలువలు పెంచు జాతీయ పథకము కూడ 2023 మే మాసమున ఆమోదము పొందినది. స్థలము చూపునపుడు కాలువ గట్టు పల్లమును గాక, 1977 నాటి ఉప్పెనను, ఇటీవలి వరదలను జ్ఞాపకముంచుకొని మెరక నేలను చూపవలెను.

రసీదును గూర్చి చెప్పవలసిన మాట మరియొకటి మిగిలినది. ప్రతి ఎలక్ట్రానిక్ రసీదు మీద ఒక గడువు తేదీ ఉండును. ఆ తేదీలోగా సరుకును తీసికొనిపోవలెను, లేదా మరల పరీక్ష చేయించి గడువు పొడిగించుకొనవలెను. పెండ్లి పనులలోనో, రెండవ పంట పనులలోనో పడి రైతు దానిని మరచుట సహజము. ఆ తేదీని అతని ఇంటి గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టించుడు. గడువునకు పదునైదు దినముల ముందు వార్డు సభ్యుడు ఆ దారిన పోవునపుడు ఒక మారు పలుకరించుడు.